మూడు సంతకాల మెంఫిస్

మా ఇంట్లో ఫ్రిజ్ కొనడానికి పదకొండు పేజీలు పట్టాయి.

మా ఆయన విజయేంద్ర ఐర్లండ్‌లోని అత్లోన్ ఊళ్ళో మోకాళ్ళకీ వెన్నెముకలకీ వేసే పరికరాలు తయారుచేసే ఫ్యాక్టరీలో వాలిడేషన్ చూస్తారు. అంటే, ఒక యంత్రం చెప్పిన పని చెప్పినట్టు చేస్తోందని కాగితం మీద రుజువు చేయడం. పని చేయడం వేరు, చేస్తున్నట్టు రుజువు ఉండడం వేరు అని పెళ్ళైన కొత్తలోనే నాకు చెప్పారు. నా వంట గురించి అంటున్నారేమోనని నాలుగు రోజులు నొచ్చుకున్నాను.

ఆయన పనిలో కొన్ని నియమాలున్నాయి. రాయనిది జరగనట్టే లెక్క. రాసినదానికి మూడు సంతకాలు కావాలి: తయారుచేసినవారు, పరిశీలించినవారు, ఆమోదించినవారు. రాసేటప్పుడు తప్పు పడితే రబ్బరు పెట్టి చెరపకూడదు, వైట్‌నర్ పూయకూడదు. కింద ఏముందో చదవడానికి వీలుగా ఒకే ఒక్క గీత కొట్టి, పక్కన పొట్టి సంతకం, తేదీ, కారణం రాయాలి. ఇరవై ఏళ్ళు ఇదే పని చేసిన మనిషికి చెయ్యి ఇంకో రకంగా తిరగదు. మా సరుకుల చీటీలో కందిపప్పు కొట్టేసి ఉంటే పక్కన ‘వి.’ అనీ, ఆ రోజు తేదీ, ‘ప్రెస్‌లో ఇంకో ప్యాకెట్ ఉంది’ అనీ ఉంటుంది. వంటింటి అలమరని ప్రెస్ అనడం ఒక్కటే ఆయన ఐర్లండ్ దగ్గర నేర్చుకున్నది. మిగతాదంతా ఆయనే వీళ్ళకి నేర్పుతున్నారు.

సెప్టెంబరు మొదట్లో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, బూట్ల లేసులు విప్పుతూ, “మెంఫిస్ రమ్మంటున్నారు” అన్నారు.

“ఎవరు?”

“కంపెనీ వాళ్ళే. అక్కడ కొత్త లైన్ పెడుతున్నారు. నేనన్నా పోవాలి, శామ్యూల్ అన్నా పోవాలి. సీనియర్ని కదా, ముందు నన్నడిగారు. ఈ శుక్రవారం కాదు, ఆ పై శుక్రవారం నాలుగింటికల్లా చెప్పాలి.”

శామ్యూల్ ఆయన కింద పనిచేసే కుర్రవాడు, చీరాలవాడు. భార్య అబిగేయిల్, ఏడు నెలల పాప.

“మీకు పోవాలని ఉందా?” అని అడిగాను.

“డేటా లేకుండా ఎట్టా చెప్తాం?”

“ఉందో లేదో చెప్పడానికి డేటా ఎందుకండీ?”

“నువ్వు జాగ్రఫీ ఎం.ఏ. కదా నీలూ. నాకు ఆడిట్ ఉంది, ఊపిరాడట్లా. ఆ ఊరి ప్రొఫైల్ ఒకటి రాసిపెట్టు. జనాభా, స్కూళ్ళు, రోడ్లు, వాన, ఎండ. ఫ్రిజ్‌కి చేసినట్టే.”

ఫ్రిజ్‌కి పదకొండు పేజీలైతే నగరానికి ఎన్నవుతాయో అని నేను అడగలేదు. అడిగితే అంచనా వేసి చెప్తారు.

అప్పటికి నాకు అత్లోన్ వదిలిపోవాలని లేదు, ఉండిపోవాలనీ లేదు. కాజిల్‌బార్‌లో నాలుగేళ్ళు, క్లాండాల్కిన్‌లో మూడేళ్ళు, ఇక్కడ ఐదేళ్ళు. ప్రతిచోటా ముందు ఆయన ఉద్యోగం దిగేది, వెనకాల నేనూ గిన్నెలూ దిగేవాళ్ళం. ఇంకో ఊరంటే నా లెక్కలో ఇంకో పదిహేను అట్టపెట్టెలు. అందుకని ఇంట్లో పనిలాగే ఇదీ మొదలుపెట్టాను. పొద్దున మా అమ్మాయి యోగిత స్కూలుకి వెళ్ళగానే, పొయ్యి మీద పప్పు పెట్టి, వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచేదాన్ని.

మెంఫిస్ అమెరికాకి మధ్యలో, కొంచెం కిందుగా, టెనెసీ రాష్ట్రం మూలన, మిసిసిపీ నది ఒడ్డున ఉంది. జనాభా ఆరు లక్షల పైచిలుకు. ఆ దేశం లెక్కన మధ్యరకం ఊరు: పెద్దదాన్నని చెప్పుకోలేదు, చిన్నదాన్నని ఒప్పుకోదు. పడవలు, రైళ్ళు, లారీలు, విమానాలు నాలుగూ కలిసే చోటు. ఐదు పెద్ద రైలు కంపెనీల పట్టాలు అక్కడికొస్తాయి. ఒక పెద్ద పార్సిల్ కంపెనీకి అదే గుండెకాయ. ఆ మూల నుంచి ఈ మూలకి పోవాల్సిన పెట్టె కూడా రాత్రికి మెంఫిస్ చేరి, విమానం మారి, తెల్లారేసరికి వెళ్ళిపోతుంది. డాక్టరు ఇవాళ సాయంత్రం ఫలానా సైజు మోకీలు కావాలంటే రేపు పొద్దున ఆపరేషన్ బల్ల పక్కన ఉంటుంది. మోకీళ్ళ ఫ్యాక్టరీలు అక్కడ ఎందుకు చేరాయో, మా ఆయన్ని ఎందుకు రమ్మంటున్నారో ఒక్క పేజీలో తేలిపోయింది.

మొదటి రెండు రోజులూ అది నాకు పెద్ద అత్లోన్‌లా అనిపించింది. ఇదీ దేశం మధ్యలో, నది ఒడ్డునే ఉంది. డబ్లిన్ నుంచి గాల్వే పోయే రైలు ఇక్కడ ఆగుతుంది. దిగేవాళ్ళకన్నా కూర్చునే ఉండేవాళ్ళు ఎక్కువ. ఊరి పేరు అందరికీ తెలుసు, ఊరు ఎవరికీ తెలియదు.

మూడో రోజున మడ్ ఐలండ్ తగిలింది. ఊరికి ఆనుకుని నదిలో ఉన్న లంక. అక్కడ మిసిసిపీ దిగువ భాగాన్నంతా సిమెంటుతో నమూనాగా కట్టారు. ముప్పై అంగుళాలకి ఒక మైలు. అంటే మనిషి ఒక అడుగు వేస్తే నది ఒక మైలు నడిచినట్టు. ప్రతి మెలికా, ప్రతి పాయా, ఒడ్డునున్న ప్రతి ఊరూ అందులో ఉన్నాయి.

నాగార్జున యూనివర్సిటీలో ఫైనలియర్ పరీక్షకి నేను గీసింది ఆ నదినే. పక్షి పాదం ఆకారపు డెల్టాకి మిసిసిపీ ఉదాహరణ. నీలం పెన్సిల్‌తో గీసి, మెలికలు తెగి చెరువులుగా మిగిలిపోయినవి కూడా గుర్తు పెట్టాను. తరవాత ఏడాది పాటు ఒక జూనియర్ కాలేజీలో అదే బొమ్మ బోర్డు మీద గీసి పాఠం చెప్పాను. ఆ ఏడాది చివర్లో పెళ్ళైంది. మళ్ళీ ఎవరూ నన్ను డెల్టా గురించి అడగలేదు.

ఆ రోజు పప్పు మాడింది.

అక్కడి నుంచి నా పని తీరు మారింది. నేను అబద్ధం ఒక్కటీ రాయలేదు. వరుస మాత్రం నా ఇష్టప్రకారం పెట్టాను. మొదటి పేజీ రైళ్ళు. రెండో పేజీ మంచినీళ్ళు: భూమి లోపలి ఇసుక పొరల్లో వడకట్టుకుని వచ్చే నీళ్ళు, తాగినవాళ్ళంతా మెచ్చుకుంటారు. ఇక్కడ మా కెటిల్‌లో నెలకోసారి సున్నం గోకుతున్న దాన్ని కాబట్టి దానికి ఒక పేజీ మొత్తం ఇచ్చాను. మూడో పేజీ రోడ్లు. నాలుగో పేజీ నది. ఐదులో గుడి, భారతీయ సరుకుల కొట్లు. ఆరులో నది పక్కన మెరిసిపోయే పిరమిడ్ ఒకటి, దాని లోపల గాలాలూ వేట సామానూ అమ్మే దుకాణం. నేరాల సంగతి తొమ్మిదో పేజీలో, వర్షపాతం పట్టిక కింద పెట్టాను. అంకెలు ఒక్కటీ తగ్గించలేదు. వాన లెక్కలు చదివాక కూడా మెలకువగా ఉన్నవాళ్ళకి అవి కనిపిస్తాయి.

వారం తిరిగేసరికి నాకు ఆ ఊళ్ళో ట్రామ్ ఎక్కడ తిరుగుతుందో, ఏ వంతెన మీద నడవొచ్చో తెలిసిపోయింది. అట్టపెట్టెలు లెక్కపెట్టడం మానేశాను. నాకు మెంఫిస్ కావాలి. ఆ మాట మాత్రం పత్రంలో ఎక్కడా రాయలేదు. దానికి గడి లేదు.

పరిశీలన యోగితది. దానికి పన్నెండేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. నేనేమో పత్రం తెలుగులో రాశాను.

“మామ్, ఐ కాంట్ రివ్యూ ఇట్ ఇఫ్ ఐ కాంట్ రీడ్ ఇట్” అంది, టోస్ట్ నములుతూ.

“నేను చదువుతాను, నువ్వు విను. ఏదన్నా తప్పుంటే చెప్పు.”

“హౌ వుడ్ ఐ నో?”

“అదే పరిశీలనంటే. కూర్చో.”

రైళ్ళు, నీళ్ళు ఓపిగ్గా వింది. నది దగ్గర ఫోన్ తీసింది. ఎనిమిదో పేజీలో ఒక హోటల్ గురించి ఉంది. అక్కడ ఐదు బాతులు రోజూ పొద్దున పదకొండింటికి మేడ మీద నుంచి లిఫ్టులో దిగి, ఎర్ర తివాచీ మీద నడిచి, హాల్లో ఉన్న ఫౌంటెన్‌లో దిగుతాయి. సాయంత్రం ఐదింటికి మళ్ళీ లిఫ్టెక్కి వెళ్ళిపోతాయి.

యోగిత ఫోన్ పక్కన పెట్టింది. “దే టేక్ ద లిఫ్ట్, లైక్?”

“అవునే.”

“ఎవ్రీ డే?”

“రోజూ.”

“దట్స్ గ్రాండ్, సో” అని, అంటే ఇక్కడి భాషలో సరే బాగుందని, పెన్ను అడిగి సంతకం పెట్టింది.

“నీ ఫ్రెండ్స్‌ని వదిలి వెళ్ళాల్సొస్తే?”

పెన్ను తిరిగిచ్చింది. “ఐ’డ్ బీ ఫ్యూమింగ్ ఫర్ అ బిట్. దెన్ ఐ’డ్ బీ గ్రాండ్.” స్కూలు బస్సు కోసం లేచిపోయింది. ఫ్రిజ్ పత్రంలో కూడా ఇంతకంటే లోతైన పరిశీలన జరగలేదు.

సోమవారం నాడు పత్రం మా ఆయన చేతికిచ్చాను. సంచిలో పెట్టుకుని ఆఫీసుకి తీసుకెళ్ళారు. ఇచ్చేముందు, మీకు పోవాలని ఉందా అని నేను మళ్ళీ ఒక మాట అడిగి ఉండొచ్చు. అడగలేదు. ఆయన ముందు నుంచీ డేటా, డేటా అంటుంటే, ఈయనకి పోవాలనే ఉంది, పైకి అనడానికి కాగితం కావాలంతే అనుకున్నాను. నాకూ అదే అనుకూలంగా ఉంది.

బుధవారం మధ్యాహ్నం ఇంటి నుంచే పని చేస్తూ, పత్రం వంటింటి బల్ల మీద పెట్టి మీటింగ్ ఉందని పైకి వెళ్ళారు. నేను చేతులు తుడుచుకుని చివరి పేజీ తిప్పాను. ఆమోదం గడిలో పూర్తి సంతకం ఉంది. పైన అభిప్రాయాల గడిలో ఆయన చేతిరాతతో రెండు వాక్యాలున్నాయి.

మొదటిదాని మీద ఒక్క గీత కొట్టి ఉంది. నియమం ప్రకారం కింద అక్షరాలు చక్కగా చదవొస్తున్నాయి: ‘నాకు వెళ్ళాలని లేదు.’ పక్కన ‘వి.’, తేదీ.

దాని కింద రెండో వాక్యం: ‘అభ్యంతరం లేదు.’

ఇంకెవరైనా అయితే ఆ కాగితం చించేసి కొత్తది ప్రింటు తీసుకునేవారు. అంత ఓపిక లేకపోతే అక్షరం కనబడకుండా పిచ్చిగీతలు గీసి ముద్ద చేసేవారు. ఈయనకి ఆ రెండూ నేరాలే. మనసులో మాట దాచుకోవాలని అనుకున్నారు, దాన్ని చదవడానికి వీలుగా దాచారు.

నేను టీ పెట్టుకుని కూర్చున్నాను. ఆలోచిస్తే నా వైపు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మూడు సంతకాలు పడ్డాయి. కొట్టేసిన వాక్యం చెల్లదు, ఆ నియమం నేను పెట్టింది కాదు. కాగితం తిరిగి బల్ల మీద పెట్టేసి, చూడనట్టుండి, శుక్రవారం దాకా నోరు మూసుకుంటే చాలు. నది నాది. టీ అయిపోయేదాకా అదే అనుకున్నాను. కప్పు కడిగేటప్పుడు మాత్రం, ఈయన ఇంకో పదేళ్ళు ప్రతిదానికీ అభ్యంతరం లేదంటూ ఆ ఊళ్ళో తిరుగుతుంటే పక్కన నేనెలా నడుస్తానా అనిపించింది.

సాయంత్రం అన్నాల దగ్గర అన్నాను, “ఏవండీ, మీ పత్రంలో ఒక లోపం ఉంది.”

ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. ఆ మాటకి ఆయన దేన్నయినా ఆపుతారు. “ఎక్కడ?”

“అభిప్రాయాల గడిలో. కొట్టేసిన చోట కారణం రాయలేదు.”

ఆయన ముద్ద పళ్ళెంలో పెట్టేశారు. “అది మామూలు దిద్దుబాటేలే.”

“కారణం లేని దిద్దుబాటు దిద్దుబాటు కాదని మీరే కదా చెప్తారు. అంటే ఆ వాక్యం ఇంకా బతికే ఉంది. రేపు ఆడిటర్ అడిగితే ఏం చెప్తారు?”

“ఏ ఆడిటర్?”

“నేను.”

యోగిత మా ఇద్దరినీ చూసి, పళ్ళెం పట్టుకుని టీవీ గదిలోకి జారుకుంది.

ఆయన మజ్జిగ గ్లాసుని కొంచెం అటు జరిపారు, కొంచెం ఇటు జరిపారు. “రోడ్లు” అన్నారు చివరికి.

“ఏం రోడ్లు?”

“మూడో పేజీ. అక్కడ ఆఫీసుకి పోవాలంటే రోజూ ఇంటర్‌స్టేట్ హైవే ఎక్కాలి. నువ్వే రాశావు. రెండు ఇంటర్‌స్టేట్లు కలిసే కూడలి అని. దానికి విశేషణం కూడా పెట్టావు.”

“ఏం పెట్టాను?”

“ముచ్చటైన కూడలి.”

పెట్టినట్టు గుర్తొచ్చింది.

మా ఆయన కారు బాగానే నడుపుతారు, యాభై కిలోమీటర్ల వేగం దాటని రోడ్లమీద. మోటార్‌వే మీద పోవాల్సొస్తే రైలెక్కుతారు, లేకపోతే నేను నడుపుతాను. స్లిప్ రోడ్డు మీద నుంచి పరిగెత్తే బండ్ల మధ్యలోకి కారు దూర్చే ఆ పది క్షణాలూ ఆయన తల వంచి కాళ్ళ దగ్గర ఫోన్ వెతుక్కుంటారు. పన్నెండేళ్ళ నుంచి వెతుక్కుంటున్నారు. ఆ ఫోన్ జేబులోనే ఉంటుందని నాకు తెలుసు. అడిగితే నొచ్చుకుంటారని అడగలేదు.

“ఆ మాత్రానికి ఒక దేశం వద్దనుకున్నారా?”

“ఆ మాత్రమేంటి? అక్కడ కుడివైపు నడపాలి. అద్దం ఇటు, మెడ అటు.”

“ఒక పద్ధతి పనికొస్తుందని మీరు ఎప్పుడు ఒప్పుకుంటారు?”

“వరసగా మూడుసార్లు తప్పు లేకుండా చేస్తే.” ఇది మాత్రం తడుముకోకుండా చెప్పారు.

“అయితే రేపు మధ్యాహ్నం సగం రోజు సెలవు పెట్టండి.”

గురువారం రెండింటికి బయల్దేరాం. ఊరికి తూర్పు వైపు మోటార్‌వే ఎక్కి, పక్కూరు మోట్ దగ్గర దిగి, మళ్ళీ వెనక్కి వచ్చేలా అనుకున్నాం. వాన లేదు, ఎండ ఉందని కూడా చెప్పలేం. నేను పక్క సీట్లో నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నాను. మాట్లాడొద్దన్నారు. సరేనన్నాను.

మొదటిసారి స్లిప్ రోడ్డు మీద ఆయన వేగం పెంచాల్సింది పోయి తగ్గించారు.

“తొక్కండి.”

“మాట్లాడొద్దన్నానా?”

“వెనకాల పాల ట్యాంకర్ వాడు మాట్లాడుతున్నాడు, వినబడ్లేదా?”

తొక్కారు. ఎక్కాం. ఆయన మోట్ దాకా ఊపిరి బిగబట్టే ఉన్నారు. వెనక్కి వచ్చేటప్పుడు రెండోసారి. ఈసారి అద్దం చూశారు, మెడ తిప్పి చూశారు, ఒక గుర్రాల ట్రెయిలర్‌ని పోనిచ్చి దాని వెనక చేరారు. మూడోసారి నేను చెప్పేలోపే ఎక్కేశారు, ఎక్కాక ఒక ముసలాయన కారుని దాటేశారు కూడా. దాటాక తనే బెదిరిపోయి మళ్ళీ ఎడమకి వచ్చేశారు. మోట్‌లో ఒక సూపర్‌మార్కెట్ ముందు కారు ఆపి, తాళం తిప్పి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు.

“మూడూ పాసే” అన్నాను. నోట్‌బుక్‌లో మూడు టిక్కులు చూపించాను.

ఆయన సంతోషించలేదు. తప్పుదామనుకున్న పరీక్షలో పాసైపోయినవాడిలా ఉన్నారు.

“రోడ్ల సంగతి తేలిపోయింది. ఇంకేం కారణం ఉంది?” అని అడిగాను.

ముందు ఎవరో బండి నిండా సోడా సీసాలు తోసుకుంటూ పోయారు. అది వెళ్ళేదాకా చూశారు.

“నాకు వెళ్ళాలని లేదు నీలూ.”

“అది చదివాను. కారణం?”

“కారణం ఏం లేదు. కారణం లేకుండా రాయకూడదు కదా, అందుకని రోడ్లన్నాను.” మళ్ళీ తనే, “అంటే, రోడ్లంటే భయమే. కానీ అది కాదు. ఇక్కడ బాగుంది నాకు. పొద్దున వంతెన మీద నడుచుకుంటా పోతాను. ఎక్కడ గాలి కొడుతుందో తెలుసు, అక్కడ జిప్పు పెట్టుకుంటాను. ఇంతే. దీన్ని ఏ గడిలో రాస్తాం?”

“మరి ఎందుకు కొట్టేశారు?”

“నీ నాలుగో పేజీ చదివాను.”

నేను నోట్‌బుక్ మూసేశాను.

“మిగతా పేజీలన్నీ ప్రొఫైల్‌లాగే ఉన్నాయి. అదొక్కటి వేరేగా ఉంది. చదివేవాడు పక్కనే కూర్చుంటే చెయ్యి పట్టుకుని లాక్కుపోయేట్టుంది. మూడు ఊళ్ళు నా కోసం మారావు. ఒకటి నీ కోసం మారదాంలే అనుకున్నాను. కానీ పెన్ను పెట్టగానే ముందు నిజం పడింది.”

“నన్ను అడగొచ్చుగా, నీకు పోవాలని ఉందా అని?”

“ఉందా?”

“ఉంది.”

“చాలానా?”

“పప్పు మాడేంత.”

ఆయన తల ఊపారు. పెళ్ళైన పదిహేడేళ్ళలో ఒక విషయం మీద ఆయన కాదనీ నేను అవుననీ నేరుగా చెప్పుకోవడం అదే మొదటిసారి. రెండు మాటలూ ఒకే కారులో ఉంటే ఇంత ఇరుకుగా ఉంటుందని తెలియదు.

ఇక తేల్చాల్సింది నేనే. గట్టిగా అంటే వస్తారు. సంతకం కూడా ఉంది. నా కారణం కాగితం మీద అందంగా ఉంది, కొలతలతో సహా. ఆయన కారణానికి కాగితమే లేదు. అయినా, ఫ్రిజ్ రంగు దగ్గర కూడా రుజువు అడిగే మనిషి ఏ రుజువూ లేకుండా ఒక మాట అని నా మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. దాన్ని కాదనడానికి నాకు సిమెంటు నది సరిపోలేదు. ఆ సంగతి నచ్చలేదు. కానీ సరిపోలేదు.

“అయితే రేపు రానని చెప్పెయ్యండి.”

“నువ్వు ఉందన్నావు కదా.”

“పోవాలని ఉందన్నాను. పోతానని అనలేదు.”

“కోపంగా ఉందా?”

“ఉంది. ఆదివారం దాకా ఉంటుంది. ఇంకోసారి మీకు అభ్యంతరం ఉండి కూడా లేదని రాశారంటే, ఆ తరవాత మీ సంతకానికి ఈ ఇంట్లో ఇడ్లీ కూడా రాదు.”

“రాయను.”

“ఇంటికి మీరే నడపండి.”

నడిపారు. నాలుగోసారి ఎక్కడం మూడింటికంటే బాగుంది. నేను నోట్‌బుక్ తెరవలేదు.

శుక్రవారం పొద్దున, పత్రం తప్పుగా ఉండిపోకూడదని, నేను పెన్ను తీసి ‘అభ్యంతరం లేదు’ మీద గీత కొట్టబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

“నా ఎంట్రీ నువ్వు కొట్టకూడదు. ఎవరు రాసింది వాళ్ళే.”

“అయితే మీరే కొట్టండి.”

కొట్టారు. పొట్టి సంతకం, తేదీ. కారణం దగ్గర పెన్ను పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. టైమవుతోందని యోగిత బయట నుంచి అరుస్తోంది. చివరికి ‘ఇష్టం లేదు’ అని రాశారు. రాసి, అది అక్కడ ఉండొచ్చా అన్నట్టు ఒకసారి చూసి, పెన్ను మూత పెట్టారు.

ఆ ఆదివారం శామ్యూల్, అబిగేయిల్ పాపని తీసుకుని మా ఇంటికి వచ్చారు. కంపెనీ ఇప్పుడు శామ్యూల్‌ని అడిగింది.

“సార్ వద్దన్నారంటే అక్కడ ఏదో ఉంది అక్కా” అన్నాడు శామ్యూల్. “సార్ ఊరికే అనరు.”

“ఈసారి ఊరికే అన్నారు” అన్నాను.

అతను నమ్మలేదు. నేను పత్రం అబిగేయిల్ చేతికిచ్చాను. ఇచ్చేముందు తొమ్మిదో పేజీని తీసి రెండో పేజీగా పెట్టాను. చిన్నపిల్లతో పోయే మనిషి వర్షపాతం కింద వెతుక్కోకూడదు. అబిగేయిల్ ఆ పేజీ నిదానంగా చదివింది, శామ్యూల్‌కి చూపించింది. ఇద్దరూ పాపని ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుంటూ మిగతాది మొత్తం చదివారు.

“నువ్వు అక్కడ ఎన్నాళ్ళున్నావక్కా?” అంది అబిగేయిల్.

“రెండు వారాలు” అన్నాను. మా ఆయన వంటింట్లో టీ కప్పులు కడుగుతూ దగ్గారు.

వాళ్ళు ఫిబ్రవరిలో వెళ్ళారు. ఇల్లు, కారు, పాపకి డాక్టరు, ఒక్కొక్కటీ కుదిరినప్పుడల్లా అబిగేయిల్ మెసేజ్ పెట్టేది. ఏప్రిల్‌లో ఒక శనివారం మధ్యాహ్నం వీడియో కాల్ చేసింది. మాకు నాలుగవుతోంది, వాళ్ళకి పొద్దున పది. నేను ఉల్లిపాయలు వేయిస్తున్నాను.

“అక్కా, నది దగ్గరికి వచ్చాం. నీకు చూపిద్దామని చేశాను.”

“ఏ వైపు నిలబడ్డావు?”

“తెలీదక్కా. గట్టు మీద.”

“ఫోన్ నీ కుడిచేతి వైపు తిప్పు. రెండు విల్లులు పక్కపక్కన పెట్టినట్టుండే వంతెన కనబడాలి.”

ఆమె తిప్పింది. వంతెన ఉంది. ఫొటోలో కంటే మురికిగా ఉంది.

“ఇప్పుడు కిందకి. నీళ్ళు.”

నీళ్ళు కనబడ్డాయి. నా పేజీలో వెడల్పు ఉంది, లోతు ఉంది, ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో ఉంది. రంగు రాయలేదు.

“ఇదేంటి, టీ రంగులో ఉంది?”

“బురదక్కా. వాసన కూడా వస్తోంది. పెద్ద పెద్ద చెట్టు మొద్దులు కొట్టుకొస్తున్నాయి చూడు.”

“దగ్గరికి పోకు, పాప జాగ్రత్త. ఫోన్ కదపకుండా పట్టుకో.”

ఎడమ వైపు నుంచి సరుకు తెప్పలు రావడం మొదలైంది. వెడల్పాటి ఇనుప తెప్పలు, ఒకదానికొకటి కట్టి, మూడేసి వరసలు. వాటిని తోసే పడవ ఇంకా తెర మీదికి రాలేదు. నా వెనక మా ఆయన వచ్చి, ఏమీ అడక్కుండా పొయ్యి ఆపి, మూకుడు పక్కకి దించి, అక్కడే నిలబడ్డారు.

పాప ఏడుపు మొదలుపెట్టింది. “అక్కా, దీనికి పాల టైమయింది. పెట్టెయ్యనా మరి?”

“ఉండవే” అన్నాను. “ఆ పడవ దాటనీ.”

పన్నెండు తెప్పలు లెక్కపెట్టాను. ఇంకా వస్తున్నాయి.